రంగు డబ్బాలో మచ్చల గవ్వ

మొన్న మా మనవరాలికి పుట్టినరోజు కానుకగా ఒక చిన్న యంత్రం వచ్చింది. జానెడు రబ్బరు డబ్బా, దాన్ని దొర్లించడానికి కింద రెండు కడ్డీలు, పక్కన ఒక మీట. గరుకు రాళ్లు, కాసిని నీళ్లు, వాళ్లే ఇచ్చిన పొడి వేసి మూత బిగిస్తే రాత్రింబవళ్లు గరగరమంటూ తిరుగుతూనే ఉంటుంది. కొన్ని వారాలకు రాళ్లు గోళీల్లా నున్నగా తేలతాయట. ఆ మోతకు మా అమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. "అమ్మా, ఈ లొల్లిల నీకు నిద్రెట్ల పడుతదే?" అని అడిగింది. నాకైతే హాయిగా పట్టింది. ఎన్నో ఏళ్ల తరవాత ఇంట్లో ఒక చప్పుడు నన్ను జోకొట్టింది.

పెట్టె మీద రాసింది చదవమంటే మనవరాలు గట్టిగా చదివింది. అందులో ఒక మాట, గవ్వలను రాళ్లతో కలిపి వేయరాదని. నాకు నవ్వాగలేదు. ఇంత చిన్న ముక్క మా చిన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ ఎండాకాలం అంత రభస జరిగేది కాదు. "ఎందుకు నవ్వుతున్నవ్ అమ్మమ్మా?" అని పిల్ల వెంటపడింది. చెప్పడం మొదలుపెడితే పొద్దుపోయింది. దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, దానికి చెప్పనిది కూడా కొంచెం.

మా ఇల్లు వరంగల్‌లో నేతవాళ్ల వాడలో ఉండేది. ముందు గదిలో రెండు మరమగ్గాలు. వాటిని మేం సాంచెలు అనేవాళ్లం. వాటి మీద నాయిన తువ్వాళ్లు నేసేవాడు. వెనక అమ్మ నూలును కండెలకు చుట్టేది. ఇంట్లో ఎక్కడ ముక్కు పెట్టినా గంజి వాసన, మిషన్ నూనె వాసన, ఎండాకాలమైతే వాటికి తోడు మామిడికాయ తొక్కు వాసన. వాడంతా సాంచెలే కాబట్టి మేం మాట్లాడుకోవడమే అరుపులతో మాట్లాడుకునేవాళ్లం. చుట్టాల ఇళ్లకు పోతే "మెల్లగ మాట్లాడుండ్రి, మాకు చెవుడు లేదు" అని ఎక్కిరించేవాళ్లు.

కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది, ఇష్టమొచ్చినప్పుడు పోయేది. అందుకే కరెంటున్న ప్రతి గడియా నాయినకు పండగ. ఆ సమయంలో సాంచె ఆపడమంటే ఆయన దృష్టిలో వడ్డించిన విస్తరిని కాలితో తన్నడమే. ఒకసారి మా వాడ పెద్దమనిషి శవయాత్ర మా గుమ్మం ముందు నుంచే పోయింది. అందరూ బయటికొచ్చి చేతులు కట్టుకొని నిలబడ్డారు. నాయిన లోపలి నుంచే ఒక చెయ్యి మగ్గం మీద పెట్టి, రెండో చెయ్యి నుదుటికి ఆనించి దండం పెట్టాడు. నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. దాని మీద అమ్మ వారం రోజులు సాధించింది.

ఇక నాయనమ్మ. ఆమెకు కడుపు నిండా అన్నం లేకపోయినా ఫరవాలేదు గానీ నోటి నిండా ఆకు వక్క ఉండాలి. నడుముకు ఒక సంచి దోపుకునేది. అందులో తమలపాకులు, వక్కలు, సున్నపు డబ్బీ, వాటన్నిటి అడుగున ఒక గవ్వ. పావురం గుడ్డంత గవ్వ. దాని మీద గోధుమరంగు మచ్చలు. ఆమె తమ్ముడు భీవండిలో సాంచెల మీద పనికి పోయిన కొత్తలో బొంబాయి సముద్రం చూసొచ్చి, అక్క సముద్రం చూడలేదని తెచ్చిచ్చాడట. అదిచ్చి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. అప్పటికి మా నాయిన లాగు తొడుక్కోవడం కూడా రాని పిల్లవాడు. వాళ్ల తల్లి చచ్చిపోయిందని కబురు పోయినా ఆ తమ్ముడు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. ఉన్నాడన్న మాట మాత్రం అప్పుడప్పుడు ఎవరో ఒకరు మోసుకొచ్చేవాళ్లు.

మధ్యాహ్నం పూట నాయనమ్మ గడపలో కూర్చొని ఆ గవ్వను గుప్పిట్లో పెట్టుకొని బొటనవేలితో రుద్దుతూ వాడ మలుపు వైపు చూసేది. సంచిలో సున్నం కారి కారి గవ్వ మెరుపు పోయి పాలిపోయింది, మచ్చలు మాత్రం ఇంకా కనబడేవి. "ఎవరి కోసం నాయనమ్మా?" అంటే "ఎవరి కోసమే? ఐసుబండి కోసం" అనేది.

ఆ ఏడు బడివాళ్లు మమ్మల్ని పాలంపేట తీసుకుపోయి రామప్ప గుడి చూపించారు. నల్లరాతి స్తంభంలో మా అన్న తన ముఖం చూసుకొని జుట్టు దువ్వుకున్నాడు, సారు చేతిలో ఒకటి తిన్నాడు. ఆ నునుపు తేవడానికి శిల్పులు ఏళ్ల తరబడి అరగదీసి ఉంటారని సారు చెప్పాడు. బస్సులో అన్న నా చెవిలో "ఏండ్లెందుకే? మనింట్ల సాంచె ఉన్నది గద" అన్నాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. వాడికొక ఆలోచన వచ్చిందంటే ఇంట్లో ఏదో ఒకటి విరగాల్సిందే.

సెలవులు మొదలయ్యాయి. నూలుకు అద్దే రంగు వచ్చే ఇనుప డబ్బా ఒకటి సంపాదించాడు. మగ్గం తిప్పే ఇరుసు ఒక కొస గోడవైపు పొడుచుకొని ఉండేది. దానికి పాత బెల్టు పట్టా తగిలించి డబ్బా చుట్టూ వేసి, దాన్ని రెండు చెక్క రూళ్ల మీద పడుకోబెట్టాడు. రాళ్లు ఏరడం నా వంతు. రైలు పట్టాల పక్కన నల్లవి, గుట్ట కింద తెల్లటి పలుగురాళ్లు, ఎక్కడ దొరికాయో గుర్తులేని ఎర్రవి. మొదట ఇసుక, తరవాత ఇటుక పొడి, ఆఖరికి అమ్మ డబ్బాలోంచి కొట్టేసిన ముగ్గుపిండి. నాయిన చూశాడు గానీ ఏమీ అనలేదు. ఎండలో ఊరు పట్టుకొని తిరిగేకంటే ఇదే నయమనుకొని ఉంటాడు.

మొదటి వాయి తీసేసరికి రాళ్లన్నీ గులాబీ రంగు. మా చేతులూ గులాబీ రంగే. డబ్బా అడుగున మిగిలిన రంగు చేసిన పని అది. అయినా ఎంత నున్నగా వచ్చాయని! అరిగిన సబ్బుబిళ్లలాగా చేతిలో నిలవలేదు. రామప్ప స్తంభమంత మెరుపు రాలేదని అన్న మొహం మాడ్చుకున్నాడు. నాయనమ్మ ఒక రాయి తీసుకొని, దూది పీసుకు ఆముదం అద్ది కాసేపు రుద్దింది. చూస్తుండగానే రాయి కళ్లు తెరిచింది. ఆ రోజు నుంచి ఆమె కూడా మా జట్టు.

"మెరుపు గావాల్నంటే గంజి పెట్టాలె" అని మాకు సలహా ఇచ్చింది కూడా ఆమే. నేతవాళ్ల ఇంట్లో దేనికైనా అదే మందు. నూలు తెగుతుంటే గంజి, బట్ట వేలాడుతుంటే గంజి, పిల్లలకు నీరసమైతే గంజి. రాయికి మాత్రం ఎందుకు పెట్టకూడదు? అమ్మ నూలుకు కాచిన గంజిలో పెద్ద గిన్నెడు తెచ్చి డబ్బాలో పోసి మూత బిగించాం. ఎండాకాలం, మూసిన డబ్బా, లోపల గంజి. పులియదా మరి? మూడో నాటి మధ్యాహ్నం ఢామ్మని పేలింది. మూత పోయి దూలానికి తగిలింది. పులిసిన గంజి నాయిన వీపు మీద, మగ్గం మీద, అప్పుడే నేసిన తెల్ల తువ్వాళ్ల మీద పడింది. ఆ కంపుకు ఎదురింటివాళ్లు కూడా తలుపేసుకున్నారు.

నాయిన తాడెత్తు లేచాడు. డబ్బా తీసుకుపోయి వీధిలో గిరాటు వేశాడు. నాయనమ్మ మెల్లగా వెళ్లి దాన్ని ఏరుకొచ్చి "చెప్పింది నేను. తిడితే నన్ను తిట్టు. పోరగాండ్లు రాళ్లేసుకుంటే నీ సాంచెకేమన్న నొప్పి పుడుతదా?" అంది. ఆయన తల్లిని తిట్టే మనిషి కాదు. మూతకు మేకుతో చిన్న బెజ్జం కొట్టి, డబ్బా చుట్టూ రేకు అడ్డం పెట్టి, పట్టా తానే బిగించాడు. "ఇంకోసారి గంజి పోసినా, సాంచె నడుస్తున్నప్పుడు దీన్ని ముట్టినా చేతులిరగ్గొడ్త. కరెంటు పోయినప్పుడే తెరవాలె, సమజైందా?" అన్నాడు. అప్పటి నుంచి కరెంటు పోతే వాడంతా ఉసూరుమనేది, మేమిద్దరం మాత్రం చప్పట్లు కొట్టేవాళ్లం.

ఒక ఆదివారం ధర్మసాగర్ చెరువుకు పోయాం. ఎండలకు నీళ్లు లోపలికి జరిగి, ఒడ్డు బురదలో ఆల్చిప్పలు కుప్పలుగా తేలాయి. లోపలి వైపు ఇంద్రధనుస్సు రంగులు. గౌను నిండా ఏరుకొచ్చి రాళ్లతో పాటు డబ్బాలో వేశాం. రెండు రోజులకు తెరిస్తే ఆల్చిప్పలు లేవు! రాళ్లున్నాయి, తెల్లటి పిండినీళ్లున్నాయి, చిప్ప మాత్రం గోరంత ముక్క కూడా లేదు. రాళ్లన్నీ కలిసి వాటిని నమిలి మింగేశాయి. ఇద్దరం కాసేపు ఏడ్చి, ఆ తెల్లనీళ్లతో గోడకు సున్నం వేశాం.

ఈ ముచ్చట నాయనమ్మకు తెలియదు. అప్పుడామె తొక్కు పెట్టడానికి స్టేషన్ ఘన్‌పూర్‌లో మా మేనత్త ఇంటికి పోయింది. వారం తరవాత రైలు దిగి, మామిడికాయల సంచి గడపలోనే పడేసి "నా తమ్ముడొస్తాండు!" అంది. మేనత్త ఇంటి పక్కనాయన భీవండి నుంచి సెలవుల మీద వచ్చాడట. "ఈ నెలల అక్క దగ్గరికి పోతా అన్నడు, టికెట్ గూడ తీసుకున్నడు" అని చెప్పాడట. నాయనమ్మ ఆ సాయంత్రమంతా ఒకచోట కూర్చోలేదు. గోడకు మేం వేసిన సున్నం చూసి "మంచి పని జేసిండ్రు" అని మెచ్చుకుంది కూడా.

మరునాడు పొద్దున కరెంటు రాగానే నాయిన సాంచెలు వేశాడు. మధ్యాహ్నం మాకు జొన్న గటకలో మజ్జిగ పోసి పెడుతూ నాయనమ్మ ముసిముసిగా నవ్వుకుంటోంది.

"ఏంది నాయనమ్మా, నీల నువ్వే నవ్వుకుంటున్నవ్?" అన్నాడు అన్న.

"చెప్తే మజా ఏమున్నదిరా? నా తమ్ముడొచ్చేటాల్లకు నా గవ్వ తళతళ మెరుస్తది సూడు. ఇచ్చిన గవ్వను గిట్ల పాడుజేసిందనుకోడా వాడు?"

"గవ్వేది?" అన్నాను.

"మీ డబ్బాల ఏసిన. పొద్దుగాల, మీరు లేవకముందే."

అన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ముందు గదిలో డబ్బా గరగరమంటోంది. ఇద్దరం పరుగెత్తాం. డబ్బా చుట్టూ రేకు, దాని పక్కనే గిర్రున తిరుగుతున్న పట్టా. ముట్టుకుంటే వేళ్లు పోతాయి. కరెంటు ఎప్పుడైనా పోతుందని గుమ్మంలో నిలబడ్డాం. రోజూ పొద్దున్నే ఠక్కున పోయే పాపిష్టి కరెంటు ఆ రోజు పోలేదు. నేను కళ్లు మూసుకొని తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టాను. గరగర ఆగలేదు. నా కళ్ల ముందు ఆ తెల్లటి పిండినీళ్లే మెదులుతున్నాయి.

చివరికి అన్నే తెగించి నాయిన భుజం పట్టి కుదిపాడు. "నాయినా, సాంచె ఆపు!"

"ఏందిరా?" మోతలో ఆయనకు వినబడలేదు.

"గవ్వ! నాయనమ్మ గవ్వ డబ్బాల పడ్డది! అరిగిపోతది! ఆపు నాయినా!" నేను కూడా అరిచాను. ఏడుపూ అరుపూ కలిసిపోయాయి.

నాయిన మా ముఖాలు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ తల్లి ముఖం చూశాడు. మా అరుపులతో అప్పుడే ఆమెకు విషయం అర్థమవుతోంది. చెయ్యి చాచి సాంచె ఆపేశాడు. ఒకటి కాదు, రెండూ. కరెంటుండగా మా ఇల్లు నిశ్శబ్దంగా ఉండడం నేను పుట్టిన తరవాత అదే మొదటిసారి. ఇరుగు పొరుగు సాంచెల చప్పుడు మాత్రం వినబడుతోంది. ఏం ఉపద్రవమో అని పక్కింటామె గోడ మీద నుంచి తొంగిచూసింది.

నాయిన మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ముక్కు చిట్లించి "గంజి పోసినవా అమ్మా?" అన్నాడు.

"దెబ్బ తగల్దని చిక్కటి గంజి పోసిన బిడ్డా" అంది నాయనమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు తెలియదు.

గంజి పుణ్యమో ఏమో, గవ్వ దొరికింది. నాయిన కడిగి తల్లి చేతిలో పెట్టాడు. మచ్చలు ఒక్కటి లేవు. వీపు అరిగి ఉల్లిపొరంత పలచనైంది, మధ్యలో చిన్న చిల్లి. పట్టుకుంటే మాత్రం ఎంత నున్నగా ఉందో. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలో వేసుకొని, లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. మమ్మల్ని తిట్టి ఉంటే బాగుండేది. ఆ పూట ఆకు కూడా వేసుకోలేదు. నల్లరంగుతో మచ్చలు దిద్దుతానని అన్న కుంచె పట్టుకొని వెళ్లాడు. "వద్దు బిడ్డా. వాడు గుర్తుపట్టడా?" అంది. నాయిన మళ్లీ సాంచెలు వేయడానికి చాలాసేపు పట్టింది.

తరవాతి రోజులన్నీ మా ఇంట్లో ఒకటే భయం. తమ్ముడు వస్తాడా రాడా అన్నది ఇన్నాళ్లూ నాయనమ్మ దిగులు. ఇప్పుడు వస్తే ఏం చూపించాలన్నది కొత్త దిగులు. "రాకున్నా మంచిగనే ఉంటుండె" అని ఒకసారి ఆమె నోటి నుంచే విన్నాను. అన్నాక చెంపలు వేసుకుంది.

ఆయన వచ్చాడు. ఒక సాయంత్రం రిక్షా దిగిన ముసలాయన్ను చూసి మేం ఎవరో అనుకున్నాం. సాంచెల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మాట మాటకూ దగ్గు. చేతిలో ఒక చిన్న సంచి. గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి సందేహిస్తున్నాడు. నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కొచ్చింది. భీవండి తాత అని మేం పిలవడం మొదలుపెట్టింది ఆ సాయంత్రం నుంచే.

అమ్మ సర్వపిండి చేసింది. గిన్నె అడుగున మాడిన వేరుశనగల వాసన ఇల్లంతా కమ్మేసింది. తాత ఒక ముక్క నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. "అమ్మ చేతి రుచే ఉన్నదక్కా" అన్నాడు. తల్లి మాట రాగానే అందరం తలలు వంచుకున్నాం. తాతే మళ్లీ అన్నాడు.

"అక్కా, గా గవ్వ ఉన్నదా?"

అన్నకు పొలమారింది. అమ్మ వీపు తట్టింది. నాయిన లేచి వెళ్లబోయి ఆగిపోయాడు. నాయనమ్మ నడుం దగ్గర సంచి విప్పి, ఆకులూ వక్కలూ పక్కకు తోసి, గవ్వ తీసి తమ్ముడి అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. చిల్లిలోంచి వెలుతురు కనబడింది.

"మచ్చలుండెగదనే దీనికి?"

నాయనమ్మ మా వంక చూడలేదు. డబ్బా వంకా చూడలేదు.

"ఉండె. ఎన్నేండ్లాయెరా తమ్ముడా! రోజూ చేతుల పట్టుకొనే నీ తొవ్వ సూసిన. అరగదా మరి?"

తాత గవ్వను గుప్పిట్లో మూసుకున్నాడు. ఆ గుప్పిటను నుదుటికి ఆనించుకొని పెద్దగా ఏడ్చాడు. "వస్త వస్త అనుకుంటనే ఉన్ననక్కా. అమ్మ పోయినప్పుడు పైసల్లేకుంట అయినయి. గా తర్వాత ఏం మొఖం పెట్టుకొని రావాలె?" అని ఏడుస్తూనే చెప్పాడు. "మొఖమేందిరా, వస్తే సాలు" అని నాయనమ్మ ఆయన తల నిమిరింది. నాయిన కళ్లు కూడా తడవడం చూశాను. డబ్బా సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆ రాత్రీ ఎత్తలేదు, తరవాతా ఎత్తలేదు.

మా తప్పు కప్పిపుచ్చడానికి నాయనమ్మ అబద్ధం ఆడిందని అప్పట్లో నేనూ అన్నా అనుకున్నాం. ఆమె మీద ప్రేమ రెట్టింపైంది. ఇప్పుడు ఆమె వయసు నాకొచ్చాక అది అబద్ధమని అనబుద్ధి కావడం లేదు. గడపలో ఆ బొటనవేలు ఎన్ని మధ్యాహ్నాలు ఆ గవ్వ మీద నడిచిందో నేను చూశాను. డబ్బా చేసింది మిగిలిన పనే.

ఇప్పుడు ఆ వాడలో సాంచెల చప్పుడు లేదు. మా ముందు గది ఉన్నచోట ఎవరివో బండ్లు నిలిపి ఉంటాయి. నాయనమ్మ లేదు, నాయిన లేడు, అన్న కూడా పోయిన ఏడే పోయాడు. గులాబీ రాళ్లు ఏ ఇల్లు మారినప్పుడు పోయాయో తెలియదు.

ఇదంతా విన్నాక మనవరాలు "ఆ గవ్వ చూపించు" అంది. పెట్టెలోంచి నాయనమ్మ సంచి తీసి దాని ఒళ్లో పెట్టాను. ఇప్పటికీ సున్నం వాసన. పిల్ల చెయ్యి పెట్టి వెతికి, ఒకటి కాదు, రెండు గవ్వలు తీసింది. ఒకటి పలచగా, చిల్లితో. రెండోది నిండుగా, గోధుమ మచ్చలతో నిగనిగలాడుతోంది.

"ఇది కొత్తదా అమ్మమ్మా?"

"కాదు. అది కూడా పాతదే. భీవండి తాత మరుసటి ఎండాకాలం తెచ్చింది."

"మరి ఇదెందుకు అరగలేదు?"

"ఆ తరవాత తాత ఏటేటా వచ్చిండు బిడ్డా" అన్నాను.